తక్కువ ఖర్చులో ఐరన్ సెట్: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ జారిపోతుంది

గోల్ఫ్ ఐరన్లు, అంటే లోహపు తలతో నంబర్లు వేసి వచ్చే క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు), కొందామని చూసేవాళ్లకి ఇప్పుడు నాలుగు దారులున్నాయి. పెద్ద కంపెనీ కొత్త సెట్ ఒకటి. దుకాణాల ప్రమేయం లేకుండా నేరుగా అమ్మే చిన్న కంపెనీ సెట్ ఇంకొకటి. ఎవరో కొన్నేళ్లు ఆడి అమ్మేసిన పాత సెట్ మూడోది. హెడ్లు, షాఫ్టులు, గ్రిప్పులు విడివిడిగా కొని బిగించుకునేది నాలుగోది. మొదటిదానికీ మిగతా వాటికీ ధరలో బాగా తేడా ఉంటుంది. ఆ తేడా దేనికి అని అడిగితే ఒకరు "అన్నీ ఒకే ఫౌండ్రీలో పోసినవే, పేరుకి డబ్బులు" అంటారు, ఇంకొకరు "చవక క్లబ్బులతో ఆట పాడవుతుంది" అంటారు.

మొదటి మాటలో నిజం ఉంది. పెద్ద పేర్లున్న హెడ్లు కూడా చాలావరకు చైనా, తైవాన్ ఫౌండ్రీల నుంచే వస్తాయి. చవక హెడ్ అనగానే నాసిరకం ఉక్కు అనుకోనక్కర్లేదు. రెండో మాటలోనూ నిజం లేకపోలేదు. ఏడు ఐరన్లు దేనికది బాగుంటే సరిపోదు, ఒక నంబర్ నుంచి పక్క నంబర్‌కి లాఫ్ట్ (ముఖం వాలు), పొడవు, బరువు, లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) ఒక క్రమంలో మారాలి. ఖరీదైన సెట్‌లో ఆ క్రమాన్ని ఎవరో ముందే సరిచూసి పెడతారు. చవక సెట్‌లో ఆ పని మన మీద పడుతుంది. ఈ వ్యాసం అంతా ఆ పని గురించే.

ఐరన్‌లో ఉండే భాగాలు, వాటిని కలిపే తీరు

బంతిని కొట్టే లోహపు ముక్క హెడ్. చేతికీ దానికీ మధ్య ఉండే గొట్టం షాఫ్ట్. పట్టుకునే రబ్బరు భాగం గ్రిప్. హెడ్‌కి మడమ వైపు షాఫ్ట్ దూరే బొక్కని హోజెల్ అంటారు. అతుకు దగ్గర కనిపించే నల్లటి ప్లాస్టిక్ ఉంగరం ఫెరూల్. హోజెల్ లోపల షాఫ్ట్‌ని పట్టి ఉంచేది రెండు పాళ్లు కలిపి రాసే ఎపాక్సీ జిగురు. అక్కడ మేకులు, మరలు ఏమీ ఉండవు.

ఇక కొలతలు. హెడ్ ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేది లాఫ్ట్. ఇది పెరిగితే బంతి ఎత్తుగా, తక్కువ దూరం వెళ్తుంది. క్లబ్‌ని నేల మీద సమంగా ఆనించినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం లై. సాధారణ కొలతల్లో స్టీల్ షాఫ్ట్ 5 ఐరన్ 38 అంగుళాలు, 7 ఐరన్ 37, 9 ఐరన్ 36 ఉంటుంది. అంటే నంబర్ నంబర్‌కీ అర అంగుళం తగ్గుతుంది, హెడ్ సుమారు 7 గ్రాములు పెరుగుతుంది.

బిగించే పని చూసినంత భయపెట్టేది కాదు. షాఫ్ట్ కొన మీది క్రోమ్ పూతని సాండ్‌పేపర్‌తో గీరి గరుకు చేస్తారు, ఎందుకంటే నున్నటి క్రోమ్‌ని జిగురు పట్టదు. ఫెరూల్ ఎక్కించి, ఎపాక్సీ రాసి, హోజెల్ అడుగు తగిలేదాకా దించి ఒక రోజు కదలకుండా ఉంచుతారు. తర్వాత పొడవు కొలిచి పైకొన కోసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, సాల్వెంట్ పోసి గ్రిప్‌ని లాగి ఎక్కిస్తారు. తప్పు జరిగితే హీట్ గన్‌తో హోజెల్‌ని వేడి చేస్తే జిగురు వదిలేస్తుంది. గ్రాఫైట్ షాఫ్ట్‌ని మాత్రం మెలితిప్పకుండా నిటారుగా లాగాలి, లేదంటే పోగులు చీలతాయి. ఇంతా చెప్పాక ఒక్క మాట: గీరకుండా, దుమ్ము తుడవకుండా అంటించిన హెడ్ ఊడితే గాల్లోకి పోతుంది. ఎదురుగా మనిషి ఉంటే అది ప్రమాదమే.

ఖరీదైన పని వేరే ఉంది. లాఫ్ట్, లై కొలిచి వంచే యంత్రం ఇంట్లో కొని పెట్టుకునేది కాదు. అందుకే చేయి తిరిగిన వాళ్లు కూడా బిగింపు సొంతంగా చేసుకుని, కొలత మాత్రం క్లబ్‌మేకర్ దగ్గర చేయిస్తారు. తక్కువ ఖర్చు సెట్‌లో వదులుకోకూడని ఖర్చు ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

నంబర్ ఒకటే, లాఫ్ట్ వేరు

"మా 7 ఐరన్ పది గజాలు ఎక్కువ పోతుంది" అనే ప్రకటనని అర్థం చేసుకోవాలంటే లాఫ్ట్ చరిత్ర కొంచెం తెలియాలి. 7 ఐరన్ ఇన్ని డిగ్రీలే ఉండాలని నియమం ఎక్కడా లేదు. కొన్ని దశాబ్దాల కిందట అది 36 డిగ్రీల దగ్గర ఉండేది. ఇవాళ దూరం కోసం చేసిన సెట్లలో 28, 29 డిగ్రీల 7 ఐరన్లు మామూలే. పాత లెక్కలో అది 5 ఐరన్.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. తయారీదారుల వైపు వాదన కూడా వినాలి. హెడ్ అడుగున, వెనక భాగంలో బరువు చేర్చడంతో గరిమనాభి కిందికి దిగింది, అలాంటి హెడ్ అదే లాఫ్ట్‌తో బంతిని మరింత ఎత్తుకి లేపుతుంది. పాత లాఫ్టులే ఉంచితే బంతి గాల్లోకి అనవసరంగా లేచి దూరం తగ్గేది. కాబట్టి లాఫ్ట్ తగ్గించడానికి కారణం ఉంది. కానీ ఎత్తు తిరిగి వచ్చినా స్పిన్ పూర్తిగా తిరిగి రాదు. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల) మీద పడ్డ బంతి ఆగడానికి స్పిన్ కావాలి, లేదా నిటారుగా దిగే కోణం కావాలి. అమెరికా వృత్తి గోల్ఫర్ల పోటీలైన పీజీఏ టూర్ ఆటగాళ్ల 7 ఐరన్ షాట్ సగటున నిమిషానికి సుమారు 7,000 తిరుగుళ్లతో వెళ్లి 50 డిగ్రీల కోణంలో దిగుతుంది. వాళ్ల వేగం లేనివాళ్లకి ఆ రెండూ తగ్గుతాయి, బంతి గ్రీన్ దాటి దొర్లిపోతుంది.

ఖర్చు మీద దీని ప్రభావం ఒక లెక్కలో చూద్దాం. వెడ్జ్ అంటే దగ్గర షాట్లకి వాడే, ఎక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్. పాత తరహా సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 48 డిగ్రీలు, శాండ్ వెడ్జ్ 56 అనుకుందాం. మధ్యలో ఖాళీ 8 డిగ్రీలు. దూరం కోసం చేసిన సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43. శాండ్ వెడ్జ్ అదే 56. ఖాళీ 13 డిగ్రీలు. మధ్యస్థ వేగంతో ఆడేవాళ్లకి ఒక డిగ్రీ దాదాపు రెండున్నర, మూడు గజాలు అనుకుంటే, పిచింగ్ వెడ్జ్‌కీ శాండ్ వెడ్జ్‌కీ మధ్య 30 గజాలు పైబడిన గుంట పడుతుంది. దాన్ని పూడ్చడానికి 49, 50 డిగ్రీల దగ్గర ఇంకో వెడ్జ్ కొనాలి. చవకగా వచ్చిందనుకున్న సెట్ ధరలో ఆ వెడ్జ్ ధర కూడా కలిపి చూడాలి.

చవక హెడ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. తయారీలో ఒక డిగ్రీ అటూ ఇటూ రావడం అరుదు కాదు. కాగితం మీద 7 ఐరన్ 32, 8 ఐరన్ 36, 9 ఐరన్ 40 అనుకుందాం. చేతికి వచ్చినవి 33, 35, 41 అయితే? 7కీ 8కీ మధ్య రెండే డిగ్రీలు, 8కీ 9కీ మధ్య ఆరు. రెండు క్లబ్బులు దాదాపు ఒకే దూరం కొడతాయి, ఆ తర్వాత ఒకేసారి జారుడు. ఆడేవాళ్లు ఇది తమ స్వింగ్ లోపం అనుకుని నెలల తరబడి తంటాలు పడతారు. నిజానికి యంత్రం మీద పెట్టి ఒక డిగ్రీ వంచితే పోయేది.

పోత హెడ్డా, ఫోర్జ్‌డ్ హెడ్డా

కరిగిన ఉక్కుని అచ్చులో పోస్తే పోత హెడ్. కాల్చిన ఉక్కు కడ్డీని అచ్చుల మధ్య బలంగా మోది ఆకారం తెస్తే ఫోర్జ్‌డ్ హెడ్. పోతకి ఎక్కువగా 17-4, 431 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వాడతారు. ఫోర్జింగ్‌కి మెత్తని కార్బన్ స్టీల్ వాడతారు.

ఫోర్జ్‌డ్ వైపు ఉన్నవాళ్లు చెప్పేది చేతికి తెలిసే మెత్తదనం గురించి. అవతలివాళ్లు ఆ అనుభూతిలో చాలా భాగం శబ్దం వల్ల, హెడ్ ఆకారం వల్ల వస్తుందని, కళ్లు మూసి కొట్టిస్తే పోల్చుకోవడం కష్టమని అంటారు. నాకు రెండోదే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అయినా చేతికి నచ్చిన క్లబ్‌తో మనిషి ధైర్యంగా కొడతాడన్నది కూడా కొట్టిపారేయలేం. పోత హెడ్డు తక్కువ స్థాయిది అన్న అభిప్రాయం మాత్రం నిలబడదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా పనిచేసిన కార్స్టన్ సోల్‌హైమ్ పెట్టిన పింగ్ కంపెనీ 1982లో తెచ్చిన ఐ2 ఐరన్లు పోత హెడ్లే. బరువుని ముఖం మధ్య నుంచి అంచులకి జరపడం వల్ల, బంతి మధ్యలో తగలకపోయినా హెడ్ అంతగా మెలి తిరగదన్న ఆలోచనని అవి అందరికీ చేర్చాయి. అంచులకి బరువు పంచిన ఆ తరహా హెడ్‌ని కావిటీ బ్యాక్ అంటారు. అలాంటి ఆకారాలు పోతలో తేలిగ్గా, తక్కువ ఖర్చులో వస్తాయి.

అసలు తేడా వంచేటప్పుడు బయటపడుతుంది. మెత్తని కార్బన్ స్టీల్ హోజెల్‌ని మూడు డిగ్రీల దాకా వంచినా తట్టుకుంటుంది. గట్టి 17-4 పోత హెడ్‌ని ఒకటి, రెండు డిగ్రీలు దాటిస్తే విరిగే భయం ఉంటుంది. కాబట్టి పోత హెడ్ కొనేవాళ్లకి మొదటే సరైన లై దొరకడం ముఖ్యం. దీనికి ఇంకో కోణం ఉంది: వంచడం తేలికైన హెడ్ ఆడుతూ ఉంటే తనంతట తానూ కొంచెం కదులుతుంది. పాత ఫోర్జ్‌డ్ సెట్లని ఏడాదికోసారి కొలిపించడం అందుకే.

షాఫ్ట్ దగ్గర జరిగే పొరపాటు కొనుగోళ్లు

హోజెల్ బొక్క రెండు రకాలు. 0.355 అంగుళాల టేపర్, 0.370 అంగుళాల పారలెల్. టేపర్ షాఫ్ట్ కొన సన్నగా కోసుగా ఉంటుంది, ప్రతి నంబర్‌కీ వేరే పొడవు షాఫ్ట్ వస్తుంది. పారలెల్ షాఫ్ట్ కొన చివరిదాకా ఒకే మందం. ఒకే రకం షాఫ్ట్ తెచ్చి, నంబర్‌ని బట్టి కింది కొన ఎక్కువ తక్కువలుగా కోస్తారు. కింద కోసే కొద్దీ గట్టిపడుతుంది, పైన కోస్తే ప్రధానంగా పొడవు తగ్గుతుంది. విడిగా సెట్ కట్టుకునేవాళ్లకి పారలెల్ చవక, తేలిక. ఒక షాఫ్ట్ పాడైతే అదే రకం ఇంకొకటి కోసుకోవచ్చు. టేపర్‌లో తప్పు పొడవు కొంటే కింది కొన కోసి సరిచేసుకోలేం. హెడ్లు టేపరో పారలెలో చూసుకోకుండా షాఫ్టులు కొనేసి ఇరుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

షాఫ్ట్ మీద రాసే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది) అక్షరాలు బిగువుని సూచిస్తాయి. కానీ పరిశ్రమ అంతటికీ ఒకే కొలబద్ద లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. నా లెక్కలో ముందు చూడాల్సింది బరువు. ట్రూ టెంపర్ డైనమిక్ గోల్డ్ ఎస్300 కోయకముందు సుమారు 130 గ్రాములుంటుంది. నిప్పాన్ 950జీహెచ్ వంద గ్రాముల లోపే. 30 గ్రాముల తేడా పద్దెనిమిది హోల్స్ ఆడి అలసిన చేతులకి బాగా తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో టూర్ స్థాయి బరువైన షాఫ్టులున్న సెట్లు చవకగా దొరకడానికి ఒక కారణం కూడా ఇదే: కొన్నవాళ్లకి అవి మోయలేనివయ్యాయి.

స్వింగ్ వెయిట్ లెక్క, దాని మీద పేచీ

హికరీ కర్ర షాఫ్టుల కాలంలో ఏ రెండు కర్రలూ ఒకేలా వంగేవి కావు. అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో, బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ 1929లో స్టీల్ షాఫ్టులని ఒప్పుకున్నాక, ఒకే తీరుగా ఊగే సెట్ అన్నది ఫ్యాక్టరీలో సాధ్యమైంది. అలాంటి సరిపోలికని కొలవడానికి 1920లలో రాబర్ట్ ఆడమ్స్ అనే క్లబ్‌మేకర్ తయారు చేసిన తరాజు ఆలోచనే స్వింగ్ వెయిట్.

సుత్తిని పిడి చివర పట్టుకుంటే బరువుగా, తల దగ్గర పట్టుకుంటే తేలిగ్గా అనిపిస్తుంది కదా, మొత్తం బరువు మారకపోయినా. స్వింగ్ వెయిట్ కొలిచేది ఆ అనిపించే బరువుని. క్లబ్‌ని గ్రిప్ చివర నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి, హెడ్ వైపు ఎంత లాగుతుందో చూస్తారు. సీ9, డీ0, డీ1, డీ2 ఇలా మెట్లుంటాయి. మగవాళ్ల సెట్లు ఎక్కువగా డీ0 నుంచి డీ2 మధ్య వస్తాయి.

కట్టేవాళ్లకి పనికొచ్చే లెక్కలు మూడు. హెడ్‌కి 2 గ్రాములు కలిపితే ఒక మెట్టు పెరుగుతుంది. పొడవు అర అంగుళం పెంచితే మూడు మెట్లు పెరుగుతాయి. గ్రిప్ 5 గ్రాములు బరువెక్కితే ఒక మెట్టు తగ్గుతుంది. ఉదాహరణకి, చవక హెడ్లలో 7 ఐరన్ 270 గ్రాములు ఉండాల్సింది 266 వచ్చిందనుకుందాం. డీ1 రావాల్సింది సీ9 వస్తుంది. షాఫ్ట్ కొనలో 4 గ్రాముల ఇత్తడి ముక్క దించి అంటిస్తే సరిపోతుంది, లేదా హెడ్ వెనక సీసం టేపు వేసినా సరే. అందుకే బిగించే ముందే అన్ని హెడ్లనీ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకుంటారు.

పేచీ ఎక్కడంటే గ్రిప్ దగ్గర. 50 గ్రాముల గ్రిప్ తీసి 60 గ్రాములది వేస్తే తరాజు రెండు మెట్లు తగ్గిందంటుంది. కానీ హెడ్ బరువు గ్రాము కూడా తగ్గలేదు, ఊపడానికి కావాల్సిన శక్తీ దాదాపు అంతే. అందుకని కొందరు క్లబ్‌మేకర్లు స్వింగ్ వెయిట్ వదిలేసి జడత్వ భ్రామకం లెక్కన సరిపోలుస్తారు. అంటే బరువుని దూరం వర్గంతో గుణించి చూడటం. తేడా ఎంతో తెలియడానికి సుళువుగా లెక్క వేద్దాం. ప్రతి క్లబ్‌కీ 100 గ్రాముల షాఫ్ట్ అనుకుని, గ్రిప్ పక్కన పెడదాం.

5 ఐరన్: 38 అంగుళాలు, హెడ్ 256 గ్రాములు. 14 అంగుళాల ఆధారం నుంచి హెడ్ 24 అంగుళాల దూరం, షాఫ్ట్ మధ్యభాగం 5 అంగుళాల దూరం. మొత్తం 6,144కి 500 కలిపి 6,644. 9 ఐరన్: 36 అంగుళాలు, హెడ్ 284 గ్రాములు. 6,248కి 400 కలిపి 6,648. దాదాపు సమానం. అర అంగుళానికి 7 గ్రాములు అన్న పాత క్రమం ఎందుకు నిలిచిందో ఇక్కడ తెలుస్తుంది. అవే క్లబ్బులకి గ్రిప్ చివర నుంచి జడత్వ భ్రామకం లెక్కేస్తే 5 ఐరన్ సుమారు 4,17,800, 9 ఐరన్ 4,11,300. తేడా ఒకటిన్నర శాతం. పొడవైన ఐరన్లు కొంచెం ఎక్కువ బరువుగా ఊగుతాయి.

ఆ ఒకటిన్నర శాతాన్ని మామూలు ఆటగాడు గుర్తుపడతాడా? గుర్తుపడతాడని, పొడవు ఐరన్లు తడబడటానికి అది కూడా కారణమని జడత్వ భ్రామకం పక్షం అంటుంది. వందేళ్లుగా స్వింగ్ వెయిట్‌తో కట్టిన సెట్లతోనే అందరూ గెలిచారని అవతలి పక్షం అంటుంది. తక్కువ ఖర్చులో కట్టేవాళ్లకి రెండిట్లో ఏది ఎంచుకున్నా పరవాలేదు. ఒక హెడ్ 4 గ్రాములు తక్కువ, పక్కది 3 గ్రాములు ఎక్కువ వస్తే పుట్టే తేడా ఈ రెండు పద్ధతుల మధ్య తేడాకన్నా పెద్దది.

అన్నీ ఒకే పొడవుంటే?

బ్రైసన్ డిషాంబో 2020లోనూ 2024లోనూ యూఎస్ ఓపెన్ గెలిచింది అన్ని ఐరన్లూ ఒకే పొడవున్న సెట్‌తో. అతనివి సుమారు 37.5 అంగుళాలు. నిలబడే తీరు, బంతి స్థానం, ఊపు అన్నిటికీ ఒకటే. కట్టడం కూడా తేలిక, ఒకే పొడవు, ఒకే బరువు, ఒకే లై. చిక్కేమిటంటే మామూలు హెడ్లతో ఇది కుదరదు. 5 ఐరన్‌కీ 9 ఐరన్‌కీ హెడ్‌లో 28 గ్రాముల తేడా ఉంటుంది, ఒకే పొడవులో బిగిస్తే ఒకటి తేలిపోతుంది, ఇంకొకటి లాగేస్తుంది. దానికోసమే చేసిన హెడ్లు కొనాలి. పైగా 5 ఐరన్ పొట్టిదవడంతో హెడ్ వేగం తగ్గి, నెమ్మదిగా కొట్టేవాళ్లకి బంతి లేవడం కష్టమవుతుంది.

లై తప్పితే బంతి ఎటు పోతుంది

లై నిటారుగా ఉంటే, అంటే బంతి తగిలే వేళ హెడ్‌లో షాఫ్ట్‌కి దూరంగా ఉండే కొన పైకి లేచి ఉంటే, కుడిచేతి వాటం వాళ్లకి బంతి ఎడమకి వెళ్తుంది. లాఫ్ట్ పెరిగే కొద్దీ ఈ ప్రభావం పెరుగుతుంది. రెండు డిగ్రీల లై తప్పుతో 26 డిగ్రీల 5 ఐరన్ ముఖం సుమారు 1 డిగ్రీ పక్కకి చూస్తుంది, 170 గజాల దగ్గర 3 గజాల తేడా. అదే తప్పు 48 డిగ్రీల వెడ్జ్‌లో ముఖాన్ని 2.2 డిగ్రీలు తిప్పుతుంది, 120 గజాలకే నాలుగైదు గజాల తేడా. దగ్గర షాట్లలోనే ఎక్కువ నష్టం అన్నమాట.

దీన్ని కనిపెట్టడానికి ఖర్చేమీ అక్కర్లేదు. బంతి వెనక మార్కర్‌తో నిలువు గీత గీసి, గీత క్లబ్ ముఖం వైపు పెట్టి కొడితే ముఖం మీద అచ్చు పడుతుంది. అచ్చు నిలువుగా ఉంటే లై సరిపోయినట్టు. పక్కకి వాలితే వంచాలి.

పాత సెట్ కొని మార్చుకోవడం

నన్నడిగితే చాలామందికి కొత్త హెడ్లు కొనడంకన్నా పదేళ్ల కిందటి మంచి కావిటీ బ్యాక్ సెట్ కొని, కొలిపించి, గ్రిప్పులు మార్చుకోవడమే మేలు. హెడ్లు ఒకే బ్యాచ్‌వి కావడంతో బరువుల క్రమం అప్పటికే కుదిరి ఉంటుంది. చూడాల్సినవి హెడ్ ముఖం మీది గాడుల అరుగుదల, షాఫ్ట్ మీద తుప్పు, మధ్యలో ఏ క్లబ్బైనా వేరే సెట్‌ది కలిసిందా అన్నవి. గాడుల మీద 2010 నుంచి కఠినమైన నియమం వచ్చింది, పెద్ద స్థాయి పోటీలు ఆడేవాళ్లు తమ హెడ్లు దానికి సరిపోతాయో లేదో చూసుకోవాలి. ఇక పెద్ద కంపెనీ కొత్త సెట్ నమ్మశక్యం కాని ధరకి కనిపిస్తే అది నకిలీ కావచ్చు. పేరు లేని నిజాయితీ హెడ్ వేరు, దొంగ పేరున్న హెడ్ వేరు. రెండోదాంట్లో లాఫ్టూ బరువూ ఏవీ నమ్మడానికి లేదు.

కోర్సు మీద తేలే లెక్క

నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బులకి మించకూడదు. కనీసం ఇన్నుండాలని లేదు. నెమ్మదిగా ఊపేవాళ్లకి 4, 5 ఐరన్లు 6 ఐరన్‌కన్నా పెద్దగా ముందుకి పోవు, బంతి సరిపడా ఎత్తుకి లేవదు కనుక. 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా అయిదు ఐరన్లు మంచి షాఫ్టులతో కట్టి, పైన ఒక హైబ్రిడ్ (పొడవు ఐరన్ బదులు వాడే, బంతిని తేలిగ్గా లేపే క్లబ్) పెట్టుకుంటే, మిగిలిన హెడ్ల ఖర్చు కొలతలకి, గ్రిప్పులకి సరిపోతుంది.

కట్టాక పరీక్షించేటప్పుడు ప్రాక్టీస్ మ్యాట్ మీద కొట్టిన షాట్లని పూర్తిగా నమ్మలేం. బంతికి ముందే నేల తగిలినా మ్యాట్ మీద క్లబ్ జారి బంతి బాగానే పోతుంది, గడ్డి మీద అదే షాట్ సగం దూరంలో చస్తుంది. చూడాల్సింది కూడా దొర్లిన దూరం కాదు, గాల్లో వెళ్లిన దూరం. ఒక్కో క్లబ్‌తో బాగా తగిలిన పది షాట్ల గాలి దూరం సగటు రాసుకుంటే, పక్కపక్క నంబర్ల మధ్య ఖాళీలు కళ్ల ముందే కనిపిస్తాయి. 8కీ 9కీ మధ్య 18 గజాలు, 7కీ 8కీ మధ్య 5 గజాలు వస్తే 8 ఐరన్‌ని బలహీన పరచాలి, అంటే లాఫ్ట్ రెండు డిగ్రీలు పెంచాలి. అప్పుడు రెండు ఖాళీలూ పదకొండు, పన్నెండు గజాల దగ్గరికి వస్తాయి.